తిని, తింటూ, తినకుండా: ఇంగ్లీషు ‘ఇంగ్’ మాటలను కలిపే పద్ధతి

వీపనగండ్ల నుంచి వనపర్తికి పోయే బస్సులో కిటికీ పక్కన ఒక కుర్రవాడు కూర్చున్నాడనుకుందాం. డిగ్రీ అయిపోయింది. రేపు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ. చేతిలో నోట్‌బుక్కు నుంచి చింపిన కాగితం, దాని మీద నాలుగు ఇంగ్లీషు వాక్యాలు. తన గురించి చెప్పమంటే చెప్పాల్సినవి. పెదాలు కదుపుతూ వల్లెవేసుకుంటున్నాడు.

‘ఆఫ్టర్ కంప్లీటెడ్ మై డిగ్రీ, ఐ జాయిన్డ్ ఎ కంప్యూటర్ కోర్స్.’

‘వైల్ స్టడీయింగ్ ఇంటర్మీడియట్, మై ఫాదర్ డైడ్.’

‘ఆల్దో వీ ఫేస్డ్ మెనీ ప్రాబ్లమ్స్, బట్ మై మదర్ ఎడ్యుకేటెడ్ మీ ఆఫ్టర్ వర్కింగ్ ఇన్ అదర్ పీపుల్స్ ఫీల్డ్స్.’

‘ఐ లైక్ రీడింగ్ అండ్ టు ప్లే కబడ్డీ.’

నాలుగు వాక్యాల్లోనూ మాటలన్నీ తెలిసినవే. స్పెల్లింగ్ తప్పులు లేవు. చెప్పాలనుకున్న సంగతి కూడా అర్థమవుతుంది. అయినా నాలుగింటిలోనూ ఒకేచోట దెబ్బ తగిలింది. ఒక పనిని ఇంకో పనితో కలిపే దగ్గర. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషులోకి అడుగుపెట్టిన వాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ అతుకు దగ్గరే. ఈ అధ్యాయం ఆ నాలుగు వాక్యాలను ఒక్కొక్కటిగా సరిచేస్తూ పోతుంది. అందుకు కావలసిన తెలివి ఆ కుర్రవాడి ఇంటి తెలుగులోనే ఉందని చూపడం దీని పని.

ఇంగ్లీషుతో వనపర్తి చుట్టరికం

వీపనగండ్ల మండలం 2016 అక్టోబర్ 11 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే జనం పాలమూరు అని పిలిచే జిల్లాలో ఉండేది. ఆ రోజు ఏర్పడిన వనపర్తి జిల్లాలోకి వచ్చింది. కృష్ణానది దరిని పల్లీ, వరీ పండించే ఈ ప్రాంతానికి ఇంగ్లీషు దూరపు చుట్టం అనిపించవచ్చు. నిజానికి ఆ చుట్టరికం చాలా దగ్గరిది.

వనపర్తి సంస్థానపు రాజా రామేశ్వరరావు విదేశాంగ శాఖలో పనిచేశారు, మహబూబ్‌నగర్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు చైర్మన్‌గా ఉన్నారు. ‘గుల్‌మొహర్’ ఇంగ్లీషు రీడర్లతో దేశంలోని ఎన్నో బడుల్లో పిల్లలకు ఇంగ్లీషు నేర్పిన సంస్థ అది. ఇప్పుడు దాని పేరు ఓరియంట్ బ్లాక్‌స్వాన్, ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

ఇంకో ముడి ఈమధ్యది. తెలంగాణ ప్రభుత్వం ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమాన్ని 2022 మార్చి 8న వనపర్తి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనే మొదలుపెట్టింది. 2022–23 చదువుల సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. దాంతోపాటు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉండే రెండు భాషల పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకాలు బడిపిల్లల కోసం వచ్చినవే అయినా, పెద్దవాళ్ళకు కూడా ఈ అధ్యాయంలోని పాఠానికి అంతకంటే మంచి సాధన పుస్తకం దొరకదు. ఎందుకో చివర తెలుస్తుంది.

పాలమూరు నోట ‘ఉడు’, ఇంగ్లీషు నోట ‘ఇంగ్’

ఇంగ్లీషు వ్యాకరణంలో జెరండ్ అనే మాట వినగానే చాలామంది పుస్తకం మూసేస్తారు. పాలమూరు పల్లెల్లో మాత్రం జెరండ్ లేకుండా పొద్దు గడవదు.

‘ఊకె ఫోన్ చూసుడు మంచిది కాదు.’ ‘తినుడు, పండుడు తప్ప వీనికి పనేమున్నది?’ ‘అప్పు తెచ్చుడు అల్కగనే ఉంటది, కట్టుడే కష్టం.’ చూచు, తిను, పండు, తెచ్చు, కట్టు అన్నవి క్రియలు. వాటికి ‘ఉడు’ తగిలించగానే అవి పనుల పేర్లు అయిపోయాయి. కోస్తా జిల్లాల వాళ్ళు వాటినే ‘చూడడం, తినడం, తేవడం’ అంటారు. పాత పుస్తకాల్లో ‘చూచుట, తినుట’ అని ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళు ‘ఇంగ్’ తగిలించి ‘వాచింగ్, ఈటింగ్, బ్రింగింగ్’ అంటారు. జెరండ్ అంటే ఇంతే. క్రియకు పేరు హోదా ఇవ్వడం.

పేరు అయింది కనుక దానికి పేరుకు దక్కే మర్యాదలన్నీ దక్కుతాయి. తెలుగులో ‘తినడానికి, తినడంతో, తినడం వల్ల’ అని విభక్తి తగిలినట్టే ఇంగ్లీషులో ‘ఇంగ్’ మాట ముందు ‘ఫర్, విత్, బై, ఆఫ్టర్’ లాంటివి నిలబడతాయి. పేరు కూర్చునే పీట మీద ఏది కూర్చోగలదో అదే ఇక్కడా కూర్చుంటుంది. దగ్గు మందు సీసా మీద ‘షేక్ వెల్ బిఫోర్ యూజ్’ అని ఉంటుంది. కొన్ని సీసాల మీద ‘బిఫోర్ యూజింగ్’ అని ఉంటుంది. రెండూ సరైనవే. ‘యూజ్’ అన్న పేరు కూర్చున్న పీట మీదే ‘యూజింగ్’ కూర్చుంది. ‘బిఫోర్ యూజ్డ్’ అని మాత్రం ఏ సీసా మీదా ఉండదు.

కుర్రవాడి మొదటి వాక్యం ఇక్కడే తేలిపోతుంది. ‘ఆఫ్టర్ కంప్లీటెడ్ మై డిగ్రీ’ అన్నాడు. డిగ్రీ పూర్తయిపోయింది కదా, అది జరిగిపోయిన పని కదా, కాబట్టి ‘ఈడీ’ పెట్టాలి అనుకున్నాడు. ఆలోచన సహజమే. కానీ తెలుగులో ‘డిగ్రీ పూర్తిచేశాను తర్వాత’ అని ఎవరూ అనరు. ‘పూర్తిచేసిన తర్వాత’ అంటారు, లేదా ‘పూర్తిచేసి’ అంటారు. కాలం చెప్పే బాధ్యత చివరి క్రియది. ‘డిగ్రీ పూర్తిచేసి కంప్యూటర్ కోర్సులో చేరాను’ అన్నప్పుడు ‘చేరాను’ ఒక్కటే కాలాన్ని మోస్తుంది. ‘చేసి’ మోయదు. ‘డిగ్రీ పూర్తిచేసి చేరతాను’ అన్నా ‘చేసి’ మారదు. ఇంగ్లీషులోనూ అంతే. ‘ఆఫ్టర్ కంప్లీటింగ్ మై డిగ్రీ, ఐ జాయిన్డ్’ అన్నా, ‘ఆఫ్టర్ కంప్లీటింగ్ మై డిగ్రీ, ఐ విల్ జాయిన్’ అన్నా ‘కంప్లీటింగ్’ కదలదు.

తెలుగులో అతుకు క్రియ తోకలోనే ఉంటుంది

ఇంగ్లీషులో రెండు పనులను కలపాలంటే మధ్యలో ఒక మాట కావాలి. ఆఫ్టర్, బిఫోర్, వైల్, వితౌట్ లాంటిది. తెలుగులో అలాంటి విడి మాట చాలాసార్లు అక్కరలేదు. క్రియ తోక మారిస్తే చాలు. తిని, తింటూ, తింటే, తిన్నా, తినక. బడిలో వీటిని అసమాపక క్రియలు అంటారు. చిన్నయ సూరి ‘బాలవ్యాకరణం’ 1858లో వచ్చింది. ఆనాటి నుంచి ఈనాటి బడి పుస్తకాల దాకా క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని ఈ తోకలకు పేర్లు నడుస్తున్నాయి. పేర్లు బరువుగా ఉన్నాయి కానీ వాటి పని నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ‘అన్నం తిని ఆడుకుంటా’ అనడానికి ఏ పిల్లా వ్యాకరణం చదవలేదు.

ఆ తెలిసిన తోకలను ఇంగ్లీషు మాటలతో జత కలిపి పెట్టుకుంటే సగం దారి నడిచినట్టే.

చేసి, చేసిన తర్వాత: ‘ఆఫ్టర్’. పల్లి అమ్మి అప్పు కట్టాడు. ‘ఆఫ్టర్ సెల్లింగ్ ది గ్రౌండ్‌నట్, హి రీపెయిడ్ ది లోన్.’

చేసే ముందు, చేయకముందు: ‘బిఫోర్’. సంతకం పెట్టే ముందు చదువు. ‘రీడ్ ఇట్ బిఫోర్ సైనింగ్.’

చేస్తూ: ‘వైల్’. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడొద్దు. ‘డు నాట్ టాక్ ఆన్ ది ఫోన్ వైల్ డ్రైవింగ్.’

చేసేటప్పుడు: ‘వెన్’. రోడ్డు దాటేటప్పుడు రెండు పక్కలా చూడాలి. ‘లుక్ బోత్ వేస్ వెన్ క్రాసింగ్ ది రోడ్.’

చేయగానే: ‘ఆన్’. వనపర్తి చేరగానే ఫోన్ చెయ్యి. ‘ఆన్ రీచింగ్ వనపర్తి, కాల్ మీ.’ మాటల్లో కంటే ఉత్తరాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

చేయకుండా: ‘వితౌట్’. చెప్పకుండా వెళ్ళిపోయాడు. ‘హి లెఫ్ట్ వితౌట్ టెల్లింగ్ ఎనీవన్.’

చేసే బదులు: ‘ఇన్‌స్టెడ్ ఆఫ్’. కొత్త బోరు వేసే బదులు పాతది బాగుచేయించారు. ‘ఇన్‌స్టెడ్ ఆఫ్ డ్రిల్లింగ్ ఎ న్యూ బోర్‌వెల్, దే రిపేర్డ్ ది ఓల్డ్ వన్.’

చేయడమే కాక: ‘బిసైడ్స్’. ఆమె అంగన్‌వాడీలో పనిచేయడమే కాక మిషన్ కుడుతుంది. ‘బిసైడ్స్ వర్కింగ్ ఎట్ ది అంగన్‌వాడీ, షి స్టిచెస్ క్లోత్స్.’

చేసినప్పటి నుంచి: ‘సిన్స్’. హైదరాబాద్ పోయినప్పటి నుంచి ఊరికి రాలేదు. ‘సిన్స్ మూవింగ్ టు హైదరాబాద్, హి హాజ్ నాట్ కమ్ హోమ్.’

చేసినా: ‘డిస్పైట్’. బాగా చదివినా మార్కులు రాలేదు. ‘డిస్పైట్ స్టడీయింగ్ హార్డ్, హి గాట్ లో మార్క్స్.’

‘చేయకపోవడం’ అనాల్సి వస్తే ‘నాట్’ వచ్చి ‘ఇంగ్’ మాట ముందు నిలబడుతుంది. మీటింగ్‌కు రాకపోయినందుకు క్షమించమని అడగాలంటే ‘ఐ అపాలజైజ్ ఫర్ నాట్ అటెండింగ్ ది మీటింగ్’. ‘ఫర్ అటెండింగ్ నాట్’ కాదు.

‘చేసి’ అంటే ఎప్పుడూ ‘ఆఫ్టర్’ కాదు

పై జతల్లో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది మొదటిది. తెలుగులో ‘-ఇ’ తోక ఒంటిచేత్తో మూడు నాలుగు పనులు చేస్తుంది. ఇంగ్లీషు వాటిని వేరువేరు మాటలకు పంచి ఇస్తుంది.

‘స్నానం చేసి గుడికి పోయింది’ అంటే ఒకదాని తర్వాత ఒకటి. అక్కడ ‘ఆఫ్టర్’ సరిపోతుంది. ‘తాళం పగలగొట్టి లోపలికి వచ్చారు’ అంటే ఎలా వచ్చారో చెప్పడం. అది పద్ధతి. అక్కడ ‘బై’ కావాలి. ‘బై బ్రేకింగ్ ది లాక్.’ ‘నడిచి వచ్చాడు’ అంటే రెండు పనులే లేవు, ఒకటే పని. ‘హి వాక్డ్’ అంటే చాలు. ‘ఆఫ్టర్ వాకింగ్ హి కేమ్’ అంటే ముందు నడక వ్యాయామం ముగించుకుని తర్వాత వచ్చాడని అర్థం వస్తుంది. ‘వానలు పడి చెరువు నిండింది’ అంటే కారణం. అక్కడ ‘బికాజ్ ఆఫ్ ది రెయిన్స్’ అనాలి.

అందుకే ‘చేసి’ అన్న మాట ఇంగ్లీషులోకి తేవాల్సి వచ్చినప్పుడు లోపల ఒక చిన్న ప్రశ్న వేసుకోవాలి. ఎప్పుడు అని చెబుతోందా, ఎలా అని చెబుతోందా, ఎందుకు అని చెబుతోందా? ఎప్పుడు అయితే ‘ఆఫ్టర్’. ఎలా అయితే ‘బై’. ఎందుకు అయితే ‘బికాజ్ ఆఫ్’.

కుర్రవాడి మూడో వాక్యంలో ఉన్న పెద్ద పొరపాటు ఇదే. ‘మా అమ్మ కూలికి పోయి నన్ను చదివించింది’ అన్నది అతని మనసులోని తెలుగు వాక్యం. ‘పోయి’ని చూసి ‘ఆఫ్టర్ వర్కింగ్’ అని రాశాడు. అలా రాస్తే ఆ తల్లి ఏదో ఒక కాలంలో కూలి చేసి, అది ముగిశాక, తర్వాత కొడుకును చదివించినట్టు ఉంటుంది. జరిగింది అది కాదు. ఆమె చేసిన కూలే అతని చదువు. ఆ సంగతి చెప్పగలిగేది ‘బై’ ఒక్కటే. ‘మై మదర్ ఎడ్యుకేటెడ్ మీ బై వర్కింగ్ ఇన్ అదర్ పీపుల్స్ ఫీల్డ్స్.’ వాక్యంలో మారింది ఒక చిన్న మాట. ఎదుటివాడికి చేరే సంగతి మొత్తం మారింది.

ఎవరి పక్కన ఎవరు

ఇంగ్లీషులో కలిపే మాటలన్నీ ఒక జాతివి కావు. కొన్నిటి పక్కన పేరు గానీ ‘ఇంగ్’ మాట గానీ ఉండాలి. కొన్నిటి పక్కన కర్తా క్రియా ఉన్న నిండు వాక్యం ఉండాలి. కొన్ని రెండు రకాలుగానూ నడుస్తాయి.

‘వితౌట్, బై, ఇన్‌స్టెడ్ ఆఫ్, డిస్పైట్, బికాజ్ ఆఫ్’ మొదటి జాతివి. ‘డిస్పైట్ హి వాజ్ ఇల్’ అనకూడదు. ‘డిస్పైట్ బీయింగ్ ఇల్’ అనాలి. ‘డిస్పైట్’ వెనక ‘ఆఫ్’ తగిలించే అలవాటు కూడా చాలామందికి ఉంది. ‘ఇన్ స్పైట్ ఆఫ్’ అన్నప్పుడే ‘ఆఫ్’ ఉంటుంది, ‘డిస్పైట్’కి ఉండదు.

‘బికాజ్, ఆల్దో’ రెండో జాతివి. ‘ఎందుకంటే’ అనగానే తెలుగులో నిండు వాక్యం వచ్చినట్టే ‘బికాజ్’ అనగానే నిండు వాక్యం రావాలి. ‘బికాజ్ గోయింగ్ లేట్, ఐ మిస్డ్ ది బస్’ అన్నది తప్పు. ‘బికాజ్ ఐ వెంట్ లేట్, ఐ మిస్డ్ ది బస్.’

‘ఆఫ్టర్, బిఫోర్, వైల్, వెన్, సిన్స్’ రెండు దారుల్లోనూ నడుస్తాయి. ‘బిఫోర్ గోయింగ్’ అన్నా సరే, ‘బిఫోర్ ఐ వెంట్’ అన్నా సరే. ‘సిన్స్’తో ఒక్క షరతు ఉంది. ‘అప్పటి నుంచి’ అన్న అర్థంలోనే దాని పక్కన ‘ఇంగ్’ మాట కూర్చుంటుంది. ‘కాబట్టి’ అన్న అర్థంలో అయితే నిండు వాక్యమే కావాలి.

ఇక్కడ వ్యాకరణం తెలిసినవాళ్ళు ఒక అభ్యంతరం లేవదీస్తారు. ‘ఆఫ్టర్ ఈటింగ్’లోని ‘ఈటింగ్’ జెరండ్, ‘వైల్ ఈటింగ్’లోని ‘ఈటింగ్’ పార్టిసిపుల్, రెండూ వేరు అంటారు. పాత వ్యాకరణాల లెక్కలో ఆ మాట నిజమే. ‘తినడం’ వేరు, ‘తింటూ’ వేరు అని తెలుగు వాళ్ళకు ఆ తేడా ఇట్టే తెలుస్తుంది కూడా. అయితే హడిల్‌స్టన్, పుల్లమ్ కలిసి 2002లో తెచ్చిన ‘కేంబ్రిడ్జ్ గ్రామర్ ఆఫ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్’ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘జెరండ్–పార్టిసిపుల్’ అని ఒకే పేరు పెట్టింది. రూపం ఒకటే అయినప్పుడు రెండు పేర్లు ఎందుకన్నది వారి వాదన. ఇంటర్వ్యూలో కూర్చున్న మనిషికి ఆ పేర్లతో పని లేదు. ‘వైల్’ తర్వాత ‘ఇంగ్’ వస్తుందని తెలిస్తే చాలు.

పేరు తెలియకపోయినా పరవాలేదు కానీ ‘టు’ దగ్గర మాత్రం మెలకువ కావాలి. ‘టు’ కనబడగానే ‘టు గో, టు మీట్’ అని చేయి దానంతట అదే రాసేస్తుంది. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ అన్నచోట ‘టు’ అలాంటిది కాదు. దాని పక్కన పేరు రావాలి, అంటే ‘ఇంగ్’ రావాలి. ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ.’ పొద్దున్నే లేవడం అలవాటే అని చెప్పాలన్నా ‘ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ’. ‘పొద్దున్నే లేవడానికి అలవాటు పడ్డాను’ అన్న తెలుగులో ‘లేవడానికి’ పేరే కదా. ఆ పోలిక గుర్తుంటే ‘ఇంగ్’ మరిచిపోరు.

పని ఎవరిది?

కుర్రవాడి రెండో వాక్యం అన్నిటికంటే సున్నితమైనది. ‘వైల్ స్టడీయింగ్ ఇంటర్మీడియట్, మై ఫాదర్ డైడ్.’ ఇంగ్లీషు చెవికి ఇందులో ఇంటర్మీడియట్ చదువుతున్నది తండ్రి. ఎందుకంటే ‘వైల్ స్టడీయింగ్’లో చదివేది ఎవరో చెప్పలేదు. చెప్పనప్పుడు కామా తర్వాత వచ్చే కర్తే చదివేవాడు. ఇక్కడ కామా తర్వాత ఉన్నది ‘మై ఫాదర్’.

ఈ నియమం ఇంగ్లీషు వాళ్ళ సొత్తు అనుకోనక్కరలేదు. తెలుగులోనూ ఉంది. ‘బడికి పోతూ వాన వచ్చింది’ అని వీపనగండ్లలో ఏ అవ్వా అనదు. వింటే ‘వాన బడికి పోతుందా?’ అని అడుగుతుంది. ‘నేను బడికి పోతుంటే వాన వచ్చింది’ అంటుంది. ‘-తూ’ అన్న తోక ఉంటే రెండు పనులూ ఒకరివే కావాలి. వేరువేరు మనుషులవి అయితే ‘-తుంటే’ రావాలి. ఈ తేడా ఎవరూ నేర్పకుండానే తెలుగు పిల్లలు మూడు నాలుగేళ్ళకే పట్టుకుంటారు.

ఇంగ్లీషులోనూ సరిగ్గా ఆ గీత దగ్గరే దారి చీలుతుంది. మనసులో ‘-తూ’ వస్తే ‘వైల్’ పక్కన ‘ఇంగ్’ పెట్టవచ్చు. ‘పాటలు వింటూ వంట చేసింది.’ ‘షి కుక్డ్ వైల్ లిజనింగ్ టు సాంగ్స్.’ మనసులో ‘-తుంటే’ వస్తే ‘వైల్’ పక్కన నిండు వాక్యం పెట్టాలి. ‘నేను ఇంటర్ చదువుతుంటే మా నాన్న చనిపోయాడు.’ ‘మై ఫాదర్ డైడ్ వైల్ ఐ వాజ్ స్టడీయింగ్ ఇంటర్మీడియట్.’

‘-ఇ’ తోక విషయంలో తెలుగు కొంచెం ఉదారంగా ఉంటుంది. ‘వానలు పడి చెరువు నిండింది’ అన్నప్పుడు పడ్డవి వానలు, నిండింది చెరువు. కర్తలు వేరైనా తెలుగు ఒప్పుకుంది. ఇంగ్లీషు ఒప్పుకోదు. ‘ఆఫ్టర్ రైనింగ్, ది ట్యాంక్ ఫిల్డ్ అప్’ అంటే చెరువే కురిసినట్టు ఉంటుంది. ‘ఆఫ్టర్ ది రెయిన్స్, ది ట్యాంక్ ఫిల్డ్ అప్’ అనాలి. అందుకని ‘ఇంగ్’తో మొదలయ్యే ప్రతి వాక్యాన్నీ రాశాక ఒకసారి కామా దగ్గర ఆగి, ముందున్న పని, వెనకున్న మనిషి చేసిందేనా అని చూసుకోవడం మంచి అలవాటు. ఉద్యోగ దరఖాస్తుల్లో ‘ఆఫ్టర్ కంప్లీటింగ్ మై డిగ్రీ, మై అంకుల్ టుక్ మీ టు హైదరాబాద్’ లాంటి వాక్యాలు ఈ ఒక్క చూపుతో ఆగిపోతాయి. డిగ్రీ చేసింది బాబాయి కాదు కదా.

జోడెడ్లు ఒక్క ఎత్తువి కావాలి

‘అండ్, ఆర్, బట్’ అన్నవి సమానుల మధ్య నిలిచే మాటలు. ఒక పక్క ‘ఇంగ్’ ఉంటే రెండో పక్క కూడా ‘ఇంగే’ ఉండాలి. నాగలికి ఒక పెద్ద ఎద్దునూ ఒక పడ్డనూ కట్టరు. తెలుగులో ‘నాకు చదవడమూ కబడ్డీ ఆడడమూ ఇష్టం’ అని రెండిటికీ ఒకే తోక పెట్టి, రెండిటి చివరా ఒకే దీర్ఘం తీస్తారు. ‘చదవడమూ కబడ్డీ ఆడాలని’ అనరు. కుర్రవాడి నాలుగో వాక్యంలో జరిగింది అదే. ‘రీడింగ్ అండ్ టు ప్లే’ అన్న జోడు కుదరదు. ‘ఐ లైక్ రీడింగ్ అండ్ ప్లేయింగ్ కబడ్డీ.’

మూడు పనులు వచ్చినా పద్ధతి మారదు. ‘మై వర్క్ ఇంక్లూడ్స్ ఎంటరింగ్ డేటా, చెకింగ్ బిల్స్ అండ్ ఆన్సరింగ్ ఫోన్ కాల్స్.’ మూడూ ఒకే వరుసలో నిలబడ్డాయి. ‘నాట్ ఓన్లీ, బట్ ఆల్సో’ మధ్యా, ‘దాన్’కు రెండు పక్కలా కూడా ఇదే పాడి. ‘సెల్లింగ్ గ్రౌండ్‌నట్ ఈజ్ హార్డర్ దాన్ గ్రోయింగ్ ఇట్.’ పల్లి పండించుడు కంటే అమ్ముడు కష్టం అన్న పాలమూరు రైతు మాట చెక్కుచెదరకుండా ఇంగ్లీషులోకి వెళ్ళింది.

‘ఇంగ్’ మాట ఒక్కటే కర్త అయితే క్రియ ఏకవచనం. ‘గ్రోయింగ్ క్రాప్స్ ఈజ్ హార్డ్ వర్క్.’ పక్కన ‘క్రాప్స్’ ఉంది కదా అని ‘ఆర్’ పెట్టేస్తారు చాలామంది. పంటలు ఎన్నైనా పండించడం ఒక్కటే పని. రెండు వేరువేరు పనులను ‘అండ్’తో కలిపితే బహువచనం. ‘గ్రోయింగ్ ఎ క్రాప్ అండ్ సెల్లింగ్ ఇట్ ఆర్ టూ డిఫరెంట్ జాబ్స్.’

ఇక మూడో వాక్యంలో మిగిలిన ముల్లు. ‘ఆల్దో’ అని మొదలుపెట్టి మధ్యలో ‘బట్’ పెట్టాడు. ‘కష్టాలు వచ్చినా కూడా, కానీ మా అమ్మ’ అన్న మాటతీరు నుంచి ఇది వస్తుంది. ఇంగ్లీషులో ఒక అతుకుకు ఒక మాటే చాలు. ‘ఆల్దో’ ఉంటే ‘బట్’ తీసేయాలి, ‘బట్’ కావాలంటే ‘ఆల్దో’ తీసేయాలి. ఇదే సంగతిని ‘ఇంగ్’తో ఇంకా పొట్టిగా చెప్పాలంటే ‘డిస్పైట్’ ఉండనే ఉంది. ‘డిస్పైట్ ఫేసింగ్ మెనీ ప్రాబ్లమ్స్, మై మదర్...’ కష్టాలు ఎదుర్కొన్నదీ అమ్మే, చదివించిందీ అమ్మే. కర్త ఒక్కరే కనుక ఇక్కడ ‘ఇంగ్’ హాయిగా ఇముడుతుంది.

ఏడు రోజుల సాధన

దీనికి కోచింగ్ సెంటర్ అక్కరలేదు. ఇంట్లో బడికి పోయే తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళ రెండు భాషల పుస్తకం చాలు. సైన్సుదైనా సోషల్‌దైనా పరవాలేదు.

మొదటి రెండు రోజులు తెలుగు పేజీ మాత్రమే చదవాలి. ‘చేసి, చేస్తూ, చేయకుండా, చేయడం వల్ల’ లాంటి తోకలు ఎక్కడ కనబడినా పెన్సిల్‌తో గీత గీయాలి. రోజుకు పది చాలు.

మూడో రోజు, నాలుగో రోజు ఎదుటి పేజీకి పోయి, గీత గీసిన ప్రతి తోకకూ ఇంగ్లీషు ఏ మాట వాడిందో చూడాలి. ఒకచోట ‘ఆఫ్టర్’ ఉంటుంది, ఒకచోట ‘బై’ ఉంటుంది, ఒకచోట ఏ ‘ఇంగూ’ లేకుండా నిండు వాక్యమే ఉంటుంది. ఎందుకు అలా ఉందో ఒక్క నిమిషం ఆలోచించి, ఆ జతను నోట్‌బుక్కులో రాసుకోవాలి.

ఐదో రోజు వాడుకలోకి రావాలి. ఆ రోజు ఇంట్లో వాళ్ళు మాట్లాడిన మాటల్లోంచి ఐదు వాక్యాలు ఏరాలి. ‘చెయ్యి కడుక్కొని తిను’, ‘చెప్పకుండ పోకు’, ‘మోటరు బందు పెట్టి రా’ లాంటివి. వాటిని ఇంగ్లీషులో రాయాలి. ‘వాష్ యువర్ హ్యాండ్స్ బిఫోర్ ఈటింగ్.’ ‘డోంట్ గో వితౌట్ టెల్లింగ్ మీ.’ మూడోదాన్ని ‘ఆఫ్టర్ స్విచింగ్ ఆఫ్ ది మోటర్, కమ్ హియర్’ అనవచ్చు, ‘స్విచ్ ఆఫ్ ది మోటర్ అండ్ కమ్ హియర్’ అనవచ్చు. రెండోదే మాటల్లో సహజం. ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఇంగ్లీషు ‘అండ్’ వైపే మొగ్గుతుందని అలా రాస్తేనే తెలుస్తుంది.

ఆరో రోజు తన గురించి ఐదు వాక్యాలు రాసి, కామా దగ్గర ఆగి, పని ఎవరిదని అడుగుతూ దిద్దుకోవాలి. ఏడో రోజు కాగితం పక్కన పెట్టి పైకి చెప్పాలి. ఎదురుగా ఒక మనిషి కూర్చుని వింటే మంచిది. ఆ మనిషికి ఇంగ్లీషు రాకపోయినా పరవాలేదు.

బస్సులోని కుర్రవాడు ఈ ఏడు రోజులూ గడిపి ఉంటే, అతని చేతి కాగితం మీద వాక్యాలు ఇలా ఉండేవి.

‘మై ఫాదర్ డైడ్ వైల్ ఐ వాజ్ స్టడీయింగ్ ఇంటర్మీడియట్. డిస్పైట్ ఫేసింగ్ మెనీ ప్రాబ్లమ్స్, మై మదర్ ఎడ్యుకేటెడ్ మీ బై వర్కింగ్ ఇన్ అదర్ పీపుల్స్ ఫీల్డ్స్. ఆఫ్టర్ కంప్లీటింగ్ మై డిగ్రీ, ఐ జాయిన్డ్ ఎ కంప్యూటర్ కోర్స్. ఐ లైక్ రీడింగ్ అండ్ ప్లేయింగ్ కబడ్డీ.’

పెబ్బేరు దగ్గర బస్సు ఆగినప్పుడు అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అమ్మ గురించిన వాక్యం ఒక్కటి మాత్రం చూడకుండా, ‘బై’ దగ్గర తడబడకుండా, ఇంకోసారి చెప్పుకుంటాడు.